ట్రాలీ ఎక్కిన రోలు

మాఘమాసం వచ్చినా చలి వదల్లేదు. తెల్లారగట్ల బందరు కాలువ గట్టు మీద మా ముగ్గురి నడక. నేనూ, నుస్రత్, రామతులసి. పటమటలో ఒకే సందు వాళ్ళం. నడిచేది తక్కువ, తగాదాపడేది ఎక్కువ. చివర్న బండి దగ్గర అల్లం టీ. ఇంతకు మించిన సుఖం నాకు తెలీదు.

ఆ రోజు నుస్రత్ మంచి ఊపు మీద ఉంది. "రోలు కడిగి పెట్టా రావమ్మక్కా. పసుపు కొమ్ములు కూడా తెచ్చేశా. రేపు మన సుస్మితకి కదా."

సుస్మిత రామతులసి కూతురు. మా సందులో పెళ్ళంటే ముందు పసుపు దంచాలి. ఇళ్ళన్నీ అపార్ట్‌మెంట్లు అయిపోయాక వాకిలి మిగిలింది నుస్రత్‌కే. సందు మొత్తానికీ ఉన్న ఒక్క రోలూ అక్కడికే చేరింది. రోలు ఎవరి వాకిట ఉంటే తొలి పోటు వాళ్ళది, అదీ మా లెక్క. సాయిబుల ఇల్లు కదా అని ఎవరూ అన్లేదు. అననిచ్చేదాన్నీ కాదు. సుస్మిత నడక నేర్చింది ఆ వాకిట్లోనే. దాని పెళ్ళికి తొలి పోటు వెయ్యాలని నుస్రత్ ఎన్నాళ్ళ నుంచో చెప్పుకుంటోంది.

రామతులసి టీ గ్లాసులోకి చూస్తూ నసిగింది. "ఇంటి దగ్గర కాదక్కా. బెంజ్ సర్కిల్ దగ్గర హాలు మాట్లాడాం. రోలూ రోకలీ ఈవెంట్ వాళ్ళే తెస్తారంట. థర్మాకోల్‌వి. ఫొటోల్లో బావుంటాయంట."

"థర్మాకోల్ రోట్లో పసుపు నలుగుద్దా?" అన్నా నేను.

"నలగక్కర్లేదంట."

"పెళ్ళికొడుకు అసలువాడేనా, వాడూ థర్మాకోలేనా?"

"నీ నోటికో దండం తల్లీ."

నుస్రత్ మొహం చిన్నబోయింది. "పోన్లే అక్కా. పిల్ల ముచ్చట."

నాకు ఒళ్ళు మండింది. ముచ్చట పిల్లది కాదు, కెమెరా వాడిది. నలుగురు ఆడవాళ్ళు చేరి దంచుకుని, ఒకళ్ళనొకళ్ళు ఎగతాళి చేసుకుని, పచ్చటి చేతుల్తో ఇంటికెళ్ళే పని. పైసా ఖర్చు లేని ఆనందం. దాన్ని కూడా అద్దెకి తెచ్చుకోవాలా?

మర్నాడు జాన్ పాల్ ట్రాలీ ఆటో పిలిచా. నలుగురు పట్టి రోలు ఎక్కించారు. రోకలీ, పసుపు కొమ్ములూ నేను పెట్టా. "నువ్వు నోరు మూసుకుని నా వెంట రా," అని నుస్రత్‌నీ ఎక్కించా.

హాలు గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేశాడు. "రాళ్ళు లోపలికి పంపం మేడం. ఫ్లోరింగ్ పోద్ది."

మేనేజర్ వచ్చాడు. అదే మాట. నేను గేటుకి అడ్డంగా కూర్చున్నా. కుళాయి నీళ్ళ కోసం నడిరోడ్డు మీద కూర్చున్నదాన్ని, గ్రానైట్ బండలకి జంకుతానా?

"అక్కా, నేనలా పైకెళ్ళొస్తా. ముహూర్తం దాటుద్ది," అంది నుస్రత్.

"కూర్చో. నీ కోసమేగా ఇదంతా. ఉత్త చేతుల్తో పోయి తొలి పోటు ఎక్కడ వేస్తావ్, అట్టముక్క మీదా?"

కూర్చుంది. తన సంచిలో ఫోను మోగింది. ఆగి మళ్ళీ మోగింది. "తియ్యకు. రాజీకి పిలుస్తున్నారు," అన్నా నేను.

మేనేజర్‌తో నా గొంతు బొంగురుపోయేదాకా అరిచాక, లిఫ్ట్‌లోంచి సుస్మిత దిగింది. పసుపు రంగు లంగా, బుగ్గలకి పసుపు.

"నుస్రత్ పిన్నీ, ఇక్కడున్నావా? ఎన్నిసార్లు ఫోన్ చేశా. తొలి పోటు పిన్నిదే అని అందర్నీ ఆపా. కెమెరా అతను గొణిగినా ఆపా. ఇంక ముహూర్తం దాటుతోందని అమ్మ చేత వేయించేశారు."

నుస్రత్ నా వంక చూడలేదు. చూస్తే ఏదో ఒకటి అనేదాన్ని.

"రోలు ఇంటికి చేర్చక్కా. అంచు పగలకుండా," అని, పిల్ల చెయ్యి పట్టుకుని పైకెళ్ళిపోయింది.

గెలిచినట్టు మొహం పెట్టి మేనేజర్ లోపలికి పోయాడు. ఎవర్ని తిట్టాలో నాకు తేల్లేదు. ట్రాలీ ఎక్కి, రోట్లో కొమ్ములు పోసి, రోకలి ఎత్తా.

తొలి పోటు నాది కాదు. దించేశా.

"పోనీవయ్యా పటమటకి," అన్నా జాన్ పాల్‌తో. "నిదానంగా పోనీ."