పారేయవలసిన కార్డు

తన ఆట లెక్కలోకి రాకూడదని అంతగా మొక్కుకున్న ఆటగత్తె ఆ రోజు మిన్నెసోటా మొత్తంలో బ్రిట్టా హౌగెన్ ఒక్కతే అయి ఉంటుంది.

వాల్‌డెక్ కాలేజీ అమ్మాయిల గోల్ఫ్ జట్టులో ఆమెది అయిదో స్థానం. జట్టుకు అయిదుగురు ఆడతారు, చివరికి నలుగురి దెబ్బలే కూడతారు, తక్కువ దెబ్బలయిన జట్టుదే గెలుపు. అందరికంటే ఎక్కువ దెబ్బలు కొట్టిన అమ్మాయి లెక్క రాసిన కార్డును పక్కన పారేస్తారు. ఈ సీజనంతా ఆ కార్డు బ్రిట్టాదే. మొదట్లో కారులో కూర్చుని ఏడ్చేది, తర్వాత అలవాటైపోయింది. ఆ అలవాటే ఇప్పుడు కొంప ముంచింది.

ఛాంపియన్‌షిప్ చివరి రోజది. అయిదో అమ్మాయిని అందరికంటే ముందు పంపిస్తారు గనక మధ్యాహ్నం ఒంటిగంటకే ఆమె ఆఖరిదైన పద్దెనిమిదో గ్రీన్, అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి, చేరింది. అప్పటికే ఏడో హోల్ దగ్గర రెండు బంతులు చెరువుపాలు చేసి వచ్చింది. అక్టోబరు గాలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, పక్క పొలంలో మొక్కజొన్న కోసే యంత్రం రేపిన దుమ్ము కళ్ళలో పడుతోంది. గుంత నాలుగడుగుల దూరంలో ఉంది. చంటిపిల్లయినా వేసే దెబ్బ. ఎలాగూ పారేసేదేగా అనుకుని పట్టర్ కర్రను ఒక్క చేత్తో పట్టుకుని బంతిని అలా తోసింది. అది గుంత అంచు తాకి పక్కకు పోయింది. తొంభై మూడుతో పోవలసింది తొంభై నాలుగయింది. భుజాలెగరేసి, కార్డు మీద సంతకం పెట్టి వచ్చేసింది.

గ్రీన్ పక్కన మడతకుర్చీలో, దుప్పటి కప్పుకుని, కాయింగ్ నానమ్మ కూర్చుని ఉంది. కాయింగ్ షోంగ్ అంటే జట్టులో మొదటి అమ్మాయి. సెయింట్ పాల్ నుంచి కొడుకు కారెక్కి ప్రతి పోటీకీ వస్తుంది ఆ ముసలావిడ, ఒళ్ళో ఎగ్ రోల్స్ పొట్లంతో. ఆటలో ఒక్క ముక్క తెలియదు.

"ఇదిగో, తిను అమ్మాయ్. ఆ ఆఖరిది ఒంటి చేత్తో కొట్టావేం? రెండో చెయ్యి నొప్పా?" అంది.

"లేదు నానమ్మగారూ. నాది ఎవరూ లెక్కపెట్టరు."

"నేను పెట్టాగా."

బ్రిట్టా నవ్వి ఎగ్ రోల్ కొరికింది. సగం తిన్నదో లేదో, కోచ్ డెల్మా నడుపుతున్న గోల్ఫ్ బండి దడదడలాడుతూ వచ్చి ముందు ఆగింది. కోచ్‌కి అరవై ఏళ్ళు. నోట్లో ఎప్పుడూ పొద్దుతిరుగుడు గింజలు నములుతుంటుంది. ఇప్పుడు నమలడం లేదు.

"ఓడ్రా కాలు మడతపడింది. ఇసుక గొయ్యిలోంచి ఎక్కుతూ జారింది. ఇక ఆడలేదు," అంది కోచ్. ఓడ్రా జట్టులో రెండో అమ్మాయి.

"పాపం, ఇప్పుడెలా ఉంది?"

"కాలు బాగానే ఉంటుందిలే. నీ కార్డే లెక్కలోకొచ్చింది. ఎంత కొట్టావ్?"

"తొంభై నాలుగు," అంది బ్రిట్టా. నోట్లో ముద్ద అక్కడే ఉండిపోయింది.

కోచ్ ఆ అంకె కాగితం మీద రాసుకుంది. తిట్టినా బాగుండేది. బండి తిప్పుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రెండు గంటలు బ్రిట్టా ప్రాణం అరచేతిలో ఉంది. గ్రీన్ ఎదురుగానే ఉన్న క్లబ్‌హౌస్ ముందు పెద్ద బోర్డు మీద ఒకాయన అంకెలు రాస్తుంటే, ఆయన చెయ్యి లేచినప్పుడల్లా ఆమె గుండె జారింది. మూడో అమ్మాయి బాగా ఆడి వచ్చింది, నాలుగో అమ్మాయి ఫరవాలేదనిపించింది. పోటీ పడుతున్న సెయింట్ ఒడైల్ జట్టులో అందరూ ఆడేశారు. కాయింగ్ ఒక్కతే మిగిలింది. అదీ పద్దెనిమిదో హోల్ ఒక్కటే.

లెక్క చాలా చిన్నది. కాయింగ్ ఈ హోల్‌ను నాలుగు దెబ్బల్లో ముగిస్తే వాల్‌డెక్‌కి ఇరవై రెండేళ్ళ తర్వాత జట్టు కప్పు వస్తుంది. అయిదయితే సమానం, ఆరయితే కప్పు గోవింద. ఇక వ్యక్తిగత కప్పు సంగతి వేరే. మూడయితే అది తిన్నగా కాయింగ్‌దే. నాలుగయితే ఒడైల్ అమ్మాయితో సమానమై మళ్ళీ ఆడాలి.

ఆ నాలుగడుగుల బంతి గుంతలో పడి ఉంటే కాయింగ్ అయిదు కొట్టినా జట్టు గెలిచేది. ఏడో హోల్ చెరువు బ్రిట్టాను బాధపెట్టలేదు. అక్కడ చేతనైనంతా ఆడింది. ఈ ఒక్కటే, ఆడకుండా పోగొట్టుకున్నది.

"ఎక్కువ కొట్టినవాళ్ళు ఓడిపోవడమేంటి? కష్టపడింది వాళ్ళేగా?" అని అడిగింది నానమ్మ.

"అయ్యో, మీరు కాసేపు మాట్లాడకండి నానమ్మగారూ!"

దూరంగా కాయింగ్ మొదటి దెబ్బ కొట్టేసి, బంతి దగ్గర నిలబడి చూస్తోంది. గుంతలో పాతిన జెండా సరిగ్గా ఇక్కడి చెరువు వెనకే ఉంది. తిన్నగా కొడితే మూడు రావచ్చు, కాస్త తగ్గితే నీళ్ళు. కోచ్ ఆమె చెవిలో ఏదో చెప్పింది. కాయింగ్ తల ఊపి, జెండాను వదిలేసి ఎడమవైపు ఖాళీ గడ్డి మీదికి కొట్టింది. జట్టు కోసం తన కప్పును పక్కన పెట్టిందని బ్రిట్టాకు తెలుసు. బంతి గ్రీన్ మీద ఎక్కడో చివర పడింది. అక్కడినుంచి మూడో దెబ్బగా నెట్టిన బంతి దొర్లి దొర్లి గుంతకు నాలుగడుగుల ముందు ఆగింది.

బ్రిట్టా కళ్ళు గట్టిగా మూసుకుంది. నానమ్మ దుప్పటి అంచు పిడికిట్లో పట్టుకుంది. గాలి చప్పుడు, కోత యంత్రం చప్పుడు. తర్వాత గుంతలో బంతి పడిన చిన్న చప్పుడు.

గెలిచారు! ఒకే ఒక్క దెబ్బ తేడాతో. బ్రిట్టా గడ్డి మీద చతికిలబడింది. రెండు గంటలుగా బిగబట్టిన ఊపిరంతా ఒక్కసారిగా బయటికొచ్చింది, వెనకాలే ఏడుపూ వచ్చింది.

పావుగంటలో వ్యక్తిగత కప్పు కోసం కాయింగ్, ఒడైల్ అమ్మాయి అదే హోల్ మళ్ళీ ఆడారు. అంతదాకా మొహం బిగించుకుని ఉన్న కాయింగ్ ఈసారి ఈల వేసుకుంటూ బయల్దేరింది.

"జట్టుది మన దగ్గరుందిగా కోచ్? ఇక ఇది పోతే నాదే పోతుంది," అని చెరువు మీదుగా తిన్నగా జెండాకేసి కొట్టింది. బంతి గుంత పక్కనే వాలింది. మూడు దెబ్బల్లో ముగించింది, ఒడైల్ అమ్మాయికి నాలుగయ్యాయి. రెండు కప్పులూ వాల్‌డెక్‌వే.

ఫొటోకి నిలబడేముందు బ్రిట్టా కోచ్ జాకెట్ చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"కోచ్, నా ఆఖరి గుంత దగ్గర నాలుగడుగుల దెబ్బ ఒంటి చేత్తో కొట్టాను. ఎలాగూ పారేస్తారని. కావాలని తప్పించలేదు, కానీ ఆడలేదు."

కోచ్ జేబులోంచి గింజలు తీసి నోట్లో వేసుకుంది.

"రెండు గంటలనుంచీ ఇది కడుపులో పెట్టుకునున్నావా?"

"అవును."

"అయితే శిక్ష అయిపోయినట్టే. సోమవారం పొద్దున్నే గ్రీన్ మీదికి రా, నాలుగడుగులవి రెండొందలు కొడుదువుగాని. పద, ఫొటోకి అందరూ చూస్తున్నారు."

వరసలో చివర, కుంటుతున్న ఓడ్రాకు భుజం ఆనించి నిలబడింది బ్రిట్టా. జట్టు కప్పు చేతులు మారుతూ ఆమె దాకా వచ్చింది. ఓడ్రాను ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి కప్పు కోసం చాపింది.

మడతకుర్చీలోంచి నానమ్మ కేక వినిపించింది.

"రెండు చేతులా పట్టుకోవే!"

అందరూ గొల్లున నవ్వారు, ఎందుకో ఎవరికీ తెలియకపోయినా. ఓడ్రా తనే బ్రిట్టా మెడ చుట్టూ చెయ్యి వేసి వేలాడింది. బ్రిట్టా కప్పును రెండు చేతులా పట్టుకుంది.