పెనుకొండ దాటినాక

ఊపిరి పీల్చుకోవడం నేర్పడానికి ఒక మేడమట! పుట్టిన బిడ్డకు ఎవరు నేర్పారని విసుక్కుంటూనే మా ఆవిడ గంగాదేవిని ధర్మవరం కల్యాణమండపానికి తీసుకుపోయాను. అది 2003. నాలుగు నెలల్లో ఆమె మూడుసార్లు కళ్లు తిరిగి పడింది. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, జబ్బేమీ లేదు, ఈ తరగతులకు పంపమన్నాడు. ఇంకోసారి పడితే తల ఏ రాతికి తగులుతుందోనని నా భయం. భయం వేస్తే నాకు కోపం వస్తుంది. కొండప్పకు కోపం రానిదెప్పుడని మా వీధివాళ్లు అంటారు. అననీ.

మేడం ప్రియదర్శిని చిన్న పిల్ల. గంగాదేవిని కాసేపు గమనించి, "అమ్మా, మధ్యమధ్యలో ఊపిరి బిగబడుతున్నారు. అలవాటా?" అంది.

జవాబు నేనే చెప్పాను. "అది మా పని మేడం. నేను పట్టుచీరలు నేస్తా. పాత పడుగు కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతికేది ఈమె. వేల పోగులు. గట్టిగా ఊపిరి ఇడిస్తే పోగు లేచిపోతాది. ఇరవై ఏండ్లుగా ఈమె ఊపిరి సప్పుడు నేను ఇనలేదు!"

గర్వంగానే చెప్పాను. జబ్బు మూలం కనిపెట్టేశాను కదా, ఆ పని మాన్పిస్తే సరి.

మేడం అందరినీ కళ్లు మూసుకోమంది. "ఊపిరి హాయిగా ఆడే చోటు ఒకటి మనసులో చూడండి. అక్కడ ఏముందో చెప్పండి."

"మగ్గం కాడ కూచోని ఉండా మేడం. పోగులు అతుకుతాండా," అంది గంగాదేవి.

నాకు ఒళ్లు మండింది. "ఏమే, ఆడ ఊపిరాడకనే కదా ఈడికొచ్చింది?"

ఆమె భుజాలు పైకి లేచి అట్లాగే ఆగిపోయాయి. మేడం నన్ను బయటికి పొమ్మని సైగ చేసింది. చెప్పులు తొడుక్కుని టపటపా నడిచి కిటికీ పక్కన నిలబడ్డాను. గంగాదేవి గొంతు మళ్లీ వినపడింది.

"మా ఆయప్ప పట్టు దారం కొనేకని హిందూపురం పోయింటాడు. ఇంట్లో నేనొక్కదాన్నే. ఈ పొద్దుకు బస్సు పెనుకొండ దాటింటాది, ఏదో మర్సిపోతినని ఇంగ ఎనక్కి రాడులే అనుకుంటా. అప్పుడు ఊపిరి ఇడుస్తా."

"మిగతా రోజులు?"

"చెప్పుల సప్పుడు ఇంటేనే బిగుసుకుంటాది. ఏం తప్పు పడతాడో అని. పోగుల కోసరం కాదు మేడం."

ఇరవై ఏళ్లలో ఒక్కనాడూ ఆమె మీద చెయ్యి ఎత్తలేదు నేను. తాగను, కొట్టను, నాకంటే మంచి మొగుడు ఎవడని మీసం మెలేశాను. అరిచాను, అంతే. కూరలో ఉప్పు తగ్గితే అరిచాను, దారం చిక్కుపడితే అరిచాను. అరుపుకు మనిషి పడిపోతుందా? మూడుసార్లూ నేను గడప దాటి లోపలికి వచ్చినప్పుడే ఆమె పడింది. ఆ సంగతి నాకు ఆ కిటికీ దగ్గరే తట్టింది. సిగ్గేసింది.

లోపల గంగాదేవి రొమ్ము నిండా గాలి పీల్చుకుంది, వదిలింది. మళ్లీ పీల్చుకుంది. భుజాలు దిగాయి. ఇన్నేళ్లు కాపురం చేసి ఆ ముఖాన్ని నేనెప్పుడూ చూడలేదు.

తరగతి ముగిసి అందరూ లేచారు. ఆమె మాత్రం కళ్లు తెరవలేదు. పొద్దు పోతోంది, ఇంటికి పోదాం రా అని పిలవబోయి నోరు మూసుకున్నాను.