లీటరుకి పదహారు

ఒంగోలు కాలేజీలో ఫిజిక్సు చెప్పే జానకిరామయ్యకి ఆ రోజుల్లో ఒకటే గొప్ప. తన పాత ఫియట్ లీటరు పెట్రోలుకి పదహారు కిలోమీటర్లు పోతుందని. స్టాఫు రూములో చెప్పాడు, మంగలి షాపులో చెప్పాడు, పెళ్లిళ్లలో పక్క విస్తరి వాళ్లక్కూడా చెప్పాడు. ఫియట్ అంటే ఊళ్లో తిరుగుళ్లకి తొమ్మిదో పదో, రోడ్డెక్కితే పన్నెండు అని కారున్న ప్రతివాడికీ తెలుసు. అంచేత విన్నవాళ్లు తలూపి, అతను అటు తిరగ్గానే నవ్వుకునేవాళ్లు.

నవ్వి ఊరుకోని వాడు త్యాగరాజు ఒక్కడే. అతను ప్లీడరు, జానకిరామయ్యకి హైస్కూలు నాటి స్నేహితుడు. ఏడాదిన్నర ఎదురుచూసి, కిందటి దసరాకి కొత్త మారుతీ తెచ్చుకున్నాడు. తన బుల్లికారు పద్దెనిమిదిస్తుంటే, ఆ ఇనప్పెట్టె పదహారు ఎలా ఇస్తుందని కనపడ్డప్పుడల్లా నిలదీసేవాడు.

ఆ ఫియట్ కొన్నది సరదాకి కాదు. రెండేళ్ల క్రితం జానకిరామయ్య భార్య శ్యామలాంబకి రొమ్ములో గడ్డ క్యాన్సరని తేలింది. గుంటూరులో ఆపరేషన్ చేసి, నెలన్నర రేడియేషన్ కరెంటు పెట్టారు. గండం గడిచిందనీ, అయినా నెలకోసారి వచ్చి చూపించుకోవాలనీ డాక్టరు చెప్పాడు. బస్సులో ఆ తోపులాట ఆమె తట్టుకోలేదని, బదిలీ మీద వెళుతున్న పొగాకు కంపెనీ ఆఫీసరు దగ్గర కారు కొన్నాడు.

వాళ్లకి పిల్లల్లేరు. గుంటూరు దారిలో ఇద్దరే. ఏం మాట్లాడుకున్నా మాట తిరిగి తిరిగి జబ్బు దగ్గరికే వచ్చి ఆగిపోయేది. అందుకని అతను మైలేజీ పట్టుకున్నాడు. వెళ్లేటప్పుడు అంకమ్మరావు బంకులో ట్యాంకు మూతిదాకా పోయించి మీటరు చూసుకునేవాడు. తిరిగొచ్చాక మళ్లీ మూతిదాకా పోయించి, ఎన్ని లీటర్లు పట్టిందో చూసి భాగించేవాడు. వెనక సీట్లో దిండు వేసుకుని ఒత్తిగిలిన శ్యామలాంబ, "ఈసారి ఎంతొచ్చిందండీ?" అని అడిగేది.

జులైలో పన్నెండున్నర వచ్చింది. సెప్టెంబరులో పదమూడున్నర. కార్తీకమాసంలో పదిహేను. సంక్రాంతి వెళ్లాక పదహారు దాటింది. ప్లగ్గులు మార్చినందుకని ఒకసారి, కార్బొరేటరు కడిగించినందుకని ఒకసారి అనుకున్నాడు. అంకె పెరిగినప్పుడల్లా అతని మొహం విప్పారేది. అది చూసి ఆమె కూడా నవ్వేది.

చివరికి త్యాగరాజు పందెం వేశాడు. ఎనభై ఏడు ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్నే రెండు కార్లూ అంకమ్మరావు బంకులో నింపించి, చిలకలూరిపేట దాకా వెళ్లి రావాలి. ముందొకటి, వెనకొకటి, ఒకే వేగం. తిరిగొచ్చాక అంకమ్మరావే లెక్క చూసి చెప్పాలి. శ్యామలాంబ ఇంట్లోనే ఉండిపోయింది.

మద్రాసు రోడ్డు మీద మారుతీ అరవైలో పోతుంటే జానకిరామయ్య వెనకే పట్టుకున్నాడు. మేదరమెట్ల దాటాక త్యాగరాజు డెబ్భైకి పెంచాడు. కిటికీలోంచి గాలి హోరున కొట్టింది. ఆ హోరు విని చాలా రోజులైనట్టు అనిపించింది అతనికి. గతుకుల దగ్గర కారు ఎగిరి పడుతుంటే చెయ్యి దానంతటదే గేరు మీదికి వెళ్లేది, కాలు బ్రేకు మీదికి పోయేది. ముందు కారు దూరమైపోతుందని మళ్లీ తొక్కేవాడు.

పదిన్నరకల్లా బంకుకి తిరిగొచ్చారు. నూట నలభై ఒక్క కిలోమీటర్లు తిరిగారు. మారుతీకి ఏడున్నర లీటర్లు పట్టింది, ఫియట్‌కి పన్నెండు. అంకమ్మరావు చిటికెలో లెక్కగట్టి, ప్లీడరుగారిది పంతొమ్మిదికి రవ్వంత తక్కువ, మాస్టారిది పన్నెండుకి రవ్వంత తక్కువ అని చెప్పాడు. త్యాగరాజు గెలిచినందుకు ఎగతాళి చేయలేదు. స్నేహితుడి మొహం చూసి, జాలిపడ్డట్టుగా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఒరేయ్, నువ్వు అబద్ధం చెప్పే మనిషివి కావు. అసలు గుంటూరు ఎంత స్పీడులో వెళతావురా నువ్వు?"

ఎంత స్పీడో జానకిరామయ్య ఎప్పుడూ చూసుకోలేదు. మొదట్లో ఏడింటికి బయల్దేరి తొమ్మిదిన్నరకి ఆసుపత్రిలో ఉండేవాళ్లు. ఇప్పుడు అయిదున్నరకి బయల్దేరినా తొమ్మిదిన్నరే అవుతోంది. చల్లటి పూట వెళదామని వేళ ముందుకి జరిపింది శ్యామలాంబ. వానల్లో, చీమకుర్తి రాళ్ల లారీలంటే భయంగా ఉంది, కాస్త నెమ్మదిగా పోనీయండి అంది. కార్తీకంలో, పత్తి చేలు విచ్చుకున్నాయి, చూసుకుంటూ వెళదాం అంది. మొన్న జనవరిలో, కళ్లాల్లో మిరపకాయలు ఎంత ఎర్రగా ఆరబోశారో, ఇంకా నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా అంది. ప్రతినెలా ఆమె అడిగినట్టల్లా అతను వేగం తగ్గిస్తూ వచ్చాడు. ముప్ఫైలో పోయే బండి పెట్రోలు తక్కువ తాగుతుందని క్లాసులో పిల్లలకి చెప్పేవాడే, తన కారు దగ్గరికొచ్చేసరికి ప్లగ్గుల గొప్ప అనుకున్నాడు.

ఏ గతుకు దగ్గర వెనక సీట్లో ఊపిరి బిగబట్టిన చప్పుడు వినిపించేదో అప్పుడు గుర్తొచ్చింది.

ఇంటికి వచ్చేసరికి శ్యామలాంబ వంటింట్లో పీట మీద కూచుని వంకాయలు తరుగుతోంది. అతన్ని చూసి, గోడ పట్టుకుని, రెండుసార్లు ఆగి లేచింది. మంచినీళ్లందిస్తూ ఎంతొచ్చిందని అడిగింది.

"పన్నెండు కూడా రాలేదు," అన్నాడు. "శ్యామలా, నడుం నొప్పి ఎప్పట్నించి?"

ఆమె గ్లాసు తిరిగి తీసుకుని, కడిగి, బోర్లించింది.

"వానాకాలం నించి."

"డాక్టరు ప్రతిసారీ అడుగుతూనే ఉన్నాడుగా. లేదనే చెప్పావు."

"ఉందంటే మళ్లీ మొదలవుతుందిగా. పోయినసారి మీరు నిద్రాహారాలు లేక ఎట్లా అయిపోయారో చూశాను. ఈ ఆర్నెల్లూ ఆ అంకె చెప్పుకుని మీరు సంతోషంగా ఉన్నారు. ఇంకో నెల చూద్దాం అనుకున్నాను. ఆ నెల పోయాక మరో నెల అనుకున్నాను."

అతను గడప మీద కూలబడ్డాడు. ఆర్నెల్లుగా ఊరంతా చెప్పుకు తిరిగింది ఆమె నొప్పి లెక్క. పన్నెండున్నర, పదమూడున్నర, పదిహేను, పదహారు. అది పెరిగిన ప్రతిసారీ తను పండగ చేసుకున్నాడు. ఆమె వచ్చి పక్కన కూచోబోయి, కూచోలేక, అతని తల మీద చెయ్యి వేసి నిలబడింది.

మర్నాడే గుంటూరు వెళ్లారు. ఎక్సురే తీసి, జబ్బు వెన్నెముకలోకి పాకిందని చెప్పాడు డాక్టరు. వానాకాలంలోనే తెలిస్తే ఏమన్నా మేలు జరిగేదా అని అడిగాడు జానకిరామయ్య. డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, చెప్పలేమండీ అన్నాడు. నొప్పి తగ్గే మందులు రాసిచ్చాడు. ఇంటి దగ్గరే ఉంచుకోండి అన్నాడు.

తిరుగు ప్రయాణంలో అతను ఆమె దగ్గర ఒక మాట తీసుకున్నాడు. నొప్పెట్టినప్పుడల్లా చెప్పాలి, దాచకూడదు. ఆమె చెప్పింది. యడ్లపాడు లోపే మూడుసార్లు ఆపాడు. మార్టూరు దాటాక ఇక కూచోలేనంది. రోడ్డు పక్క కళ్లంలో తాలు మిరపకాయలు ఏరుతున్న వెంకటరావమ్మ అనే ముసలామె చూసి, ఏమీ అడక్కుండా తన చాప తెచ్చి పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టు నీడలో పరిచింది. ఇద్దరూ కలిసి శ్యామలాంబని దింపి పడుకోబెట్టారు. మిరప ఘాటుకి జానకిరామయ్యకి కళ్లు మండి నీళ్లు కారుతుంటే, "ఈ మిరప కోరుకి కొత్తవాళ్లకి ఇంతేనయ్యా, మొహం కడుక్కో" అంది ముసలామె. అతను కడుక్కున్నాడు గాని నీళ్లు ఆగలేదు. శ్యామలాంబ అటు తిరిగి పడుకుని, చూడనట్టే ఉంది. గంటసేపు అక్కడే ఉన్నారు. ఒంగోలు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది.

ఉగాది ఇంకా పది రోజులుందనగా ఆమె పోయింది. ఆ నెలంతా త్యాగరాజు రోజూ పొద్దున్నా సాయంత్రం ఇంజెక్షన్ చేసే నర్సుని తన కారులో తీసుకొచ్చి దింపాడు. పందెం మాట ఎన్నడూ ఎత్తలేదు. జానకిరామయ్య కూడా మైలేజీ గురించి మళ్లీ ఎవరితోనూ అనలేదు.

వేసవి సెలవులయ్యాక పొన్నూరు కాలేజీకి బదిలీ పెట్టుకున్నాడు. ఉన్న ఊరు వదిలి ఎందుకని తోటి లెక్చరర్లు అడిగితే, నీళ్లు మంచివని విన్నానన్నాడు. సామాను లారీకెక్కించిన రోజు త్యాగరాజు ఒక్కడికే అసలు సంగతి చెప్పాడు.

"ఇక్కణ్నించి గుంటూరు దాకా ఏ గతుకు ఎక్కడుందో నాకిప్పుడు తెలుసురా. అది తెలిశాక ఆ రోడ్డు మీద తిరగలేను."

లారీ కదిలేదాకా త్యాగరాజు పక్కనే నిలబడి, దాని వెనకే వీధి చివరి దాకా నడిచాడు.