వెండి నీళ్లకు కరెంటునిచ్చాను

నేను ఒక అడాప్టర్ని. నల్లటి ప్లాస్టిక్ డబ్బా, అటొక వైరు, ఇటొక వైరు. ఏదో ఫ్యాక్టరీలో నాలాంటి వేలమందితో పాటు పుట్టి, ఒక ప్రింటరుకు తోడుగా సామర్లకోటలోని డీటీపీ సెంటరుకు వచ్చాను. శుభలేఖలు, దినం కార్డులు, ఎన్నికల కరపత్రాలు, దేనికైనా ఒకే కరెంటు ఇచ్చాను. ప్రింటరు చచ్చిపోయింది. నేను చావలేదు. నా అలసట అక్కడ మొదలైంది.

సెంటరు యజమాని దానియేలు. పెళ్లి చేసుకోలేదు, అంగన్‌వాడీ టీచరుగా రిటైరైన అక్క పరంజ్యోతితో కలిసి ఉంటాడు. ఆవిడకు షుగరు. చెప్పు కరిచి కాలివేలి దగ్గర పుండు పడింది, మానలేదు. వాళ్లమ్మకూ ఇలాగే అయితే ఆసుపత్రిలో మోకాలి దాకా తీసేశారు. ఆమె మళ్లీ ఇంటికి రాలేదు. అందుకే ఆసుపత్రి మాటెత్తితే దానియేలు లేచి బయటికి వెళ్లిపోయేవాడు.

అలాంటివాడికి ఫోనులో ఒక వీడియో దొరికింది. రెండు వెండి తీగలు నీళ్లలో ముంచి కరెంటు పెడితే వెండి నీళ్లు తయారవుతాయట, వాటికి మానని పుండు లేదట. తీగలు కంసాలి దగ్గర దొరికాయి. కరెంటు దగ్గరే వచ్చింది చిక్కు. చిన్న చదరపు బ్యాటరీలు కలిపి చూశాడు. అవి తొందరగా నీరసించాయి. ఫోను చార్జరు చాలలేదు. స్కూటరు బ్యాటరీ ఇంట్లోకి తేవద్దని అక్క అంది. చివరికి ఇంట్లో అటక మీద పడేసి ఉన్న నన్ను దించి, మీటరు పెట్టి చూసి, సమంగా ఇస్తున్నానని మురిసిపోయాడు. నన్ను అంత శ్రద్ధగా పరీక్షించినవాడు, ఆ నీళ్లు పుండుకు పనిచేస్తాయా అని ఏ డాక్టరునీ అడగలేదు.

రోజూ ఆ నీళ్లతో పుండు కడిగేవాడు, అక్కచేత తాగించేవాడు. ఆవిడ తమ్ముడి మొహం చూసి తాగేది. నీళ్లకు వీడియోలో చూపించిన రంగు రాకపోతే నన్ను విసుక్కుని వైర్లు సవరించేవాడు.

ఒక ఉదయం అలాగే సవరిస్తున్నాడు. గదంతా కుళ్లు వాసన. పరంజ్యోతి చలిజ్వరంతో మంచం మీద ఉంది.

“కరెంటు చూసింది చాల్లేరా తమ్ముడూ,” అంది. “నా కాలు చూడు.”

కట్టు విప్పాడు. వేలు నల్లబడిపోయింది.

“భయమేస్తందక్కా.”

“నాకూ భయమేరా. ఆటో పిలు.”

కాకినాడ ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు. ఇంకొన్నాళ్లు ఆగితే పాదమే పోయేదన్నారట. ఆవిడ కర్ర పట్టుకుని ఇంటికొచ్చాక చెబుతుంటే విన్నాను. దానియేలు నన్ను ప్లగ్గులోంచి తీసి గూట్లో పెట్టేశాడు.

కొన్నాళ్లకు పక్కింటి నూకరత్నం వచ్చింది. వాళ్లాయనకు దగ్గు తగ్గడం లేదట, వెండి నీళ్ల మిషను ఇమ్మని అడిగింది. దానియేలు నావైపు చూశాడు.

“అది పాడైపోయిందమ్మా,” అన్నాడు. “ఆయన్ని బయల్దేరమను. ఆసుపత్రికి నేనూ వస్తాను.”

నేను పాడవలేదు. ఆ సంగతి అతనికీ తెలుసు. ఆమె గుమ్మం దాటాక కటింగ్ ప్లేయరు తెచ్చి, నా రెండు వైర్లూ మొదలంటా కత్తిరించాడు. చొక్కా మార్చుకుని ఆమె వెనకే వెళ్లాడు.

ఇప్పుడు పాత సామాన్ల కొట్టులో ఒక గోనెసంచిలో ఉన్నాను. పగలగొట్టి లోపలి రాగి తీసుకుంటారట. తీసుకోనివ్వండి.