వీపు తొలిచిన బొమ్మ

జర్మనీలో బ్యోబ్లింగెన్‌లోని ఆ ఇంట్లో రోజూ తొమ్మిదింటికి ఆఫీసు వీడియో కాల్ మొదలయ్యేది. శశికాంత్‌కి పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ. పక్కన కిటికీ గట్టుమీద, కెమెరాకి కనబడేలా, అతని బొమ్మ.

మొదటి లాక్‌డౌన్‌లో లిండెన్ చెట్టు దుంగ తెచ్చి తనే చెక్కుకున్నాడు. పాతకాలపు చైనా గుడిబొమ్మల తీరులో సగం మూసిన కళ్లు, సాగిన చెవులు, నీళ్లలా జారే వస్త్రపు మడతలు. ముఖం మాత్రం అచ్చం తనదే. చెక్క పగలకుండా ఆనాటి పనివాళ్లు బొమ్మ వీపు తొలిచేవారని చదివి, అతనూ తొలిచాడు. అప్పట్నుంచీ శశికాంత్ మింగిన మాటలన్నీ ఆ గుంటలో పచ్చటి పసరులా ఊరేవి. పులిసిన కంపు.

"వాసన మెట్లమీదికి వస్తోంది, కిటికీ తియ్యండి," అని పై అంతస్తు ముసలావిడ మాస్కు సర్దుకుంటూ చెప్పి పోయేది.

భార్య గిరిజ శనివారాలు గుంట తుడిచేది. "ఫోన్లో పెట్టే పోస్టులేమో శ్రామికుల ఐక్యత వర్ధిల్లాలి. కాల్‌లో ఓకే సార్, ష్యూర్ సార్. ఎత్తిపోసేది నేనా?" అని ఆ నెల మానేసింది.

ఆ మంగళవారం మేనేజర్ వెంకటరామారావు ఒక్కడే కాల్‌లోకి వచ్చాడు.

"శశీ, చిన్న మెయిల్ పెట్టు నాన్నా. సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఆగింది మన టీమ్‌లో ప్రవీణ వల్లేనని. ఆ అమ్మాయిది ఇంకా ప్రొబేషనే. మనమంతా ఒక ఫ్యామిలీ కదా!"

రిలీజ్ ఆపింది వెంకటరామారావే. శశికాంత్‌కి తెలుసు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోడానికి ప్రవీణకి మిగిలేది మూడు నెలలు, తర్వాత ఇక్కడ ఉండనిచ్చే బ్లూ కార్డు చెల్లదు. ఎదురు చెప్తే తన గతీ అంతే. 'మౌనం కూడా నేరమే' అని నిన్ననే పోస్టు పెట్టాడు. నూట ఎనభై లైకులు.

నాలుకమీదికొచ్చిన మాటని మింగాడు. "ఓకే సా..."

గుంటలో చోటు లేదు. మింగింది వెనక్కి తన్నింది. నోరంతా చేదు పసరు. కీబోర్డు మీద భళ్లున కక్కుకున్నాడు. దాంతోపాటే మాటలూ.

"రిలీజ్ ఆపింది మీరు సార్. పోయినేడు నా కోడ్ మీ పేరు మీద చూపించింది మీరు. మీ జోకులకి నవ్వినందుకు నా మీద నాకే రోత."

"బొమ్మ నిండినట్టుంది. నీళ్లు తాగు," అని వెంకటరామారావు కెమెరా ఆపేశాడు.

మాటలు ఆగలేదు. గిరిజ ఫోన్ అందిస్తే, వేళ్లు తుడుచుకోకుండానే అవన్నీ టీమంతటికీ మెయిల్ కొట్టాడు.

పదిరోజుల్లో లాప్‌టాప్ వెనక్కి పంపమని, ఉద్యోగం పోయిందని ఉత్తరం వచ్చింది. ఆ మూడు నెలల లెక్క ఇప్పుడు శశికాంత్‌ది.

ఆ సాయంత్రం డ్యూసెల్‌డార్ఫ్ నుంచి ప్రవీణ ఫోన్ చేసింది. "నా కోసం ఇంత ధైర్యం చేశావా అన్నా!"



"ధైర్యం కాదమ్మా. మింగుదామనే చూశాను. పట్టలేదు."