పిట్టకి నేర్పిన పట్టు

పద్దెనిమిది జెర్సీల్లో ఆఖరిదాన్ని పిండి తీగ మీద వేస్తుంటే ముందు గదిలోంచి మా ఆయన కేకేశాడు. "ఓసారి ఇలా వచ్చి చూడు. దీని దగ్గర బంతి ఎందుకు నిలవట్లేదు?"

ఆయన అమ్మాయిల హాకీ జట్టుకి కోచ్. నేను ఆ జట్టు బట్టలుతికి, నీళ్ళ సీసాలు నింపే కోచ్ గారి భార్యని. పెళ్ళికి ముందు ఏడేళ్ళు సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడిన సంగతి ఇంట్లో ఎత్తేది మా అత్తగారొక్కరే. "ఆడింది చాల్లేమ్మా, ఇక పిల్లల్ని ఆడించుకో" అనేవారు. ఆ పిల్లలూ పెద్దవాళ్ళయి ఎవరి గదుల్లో వాళ్ళున్నారు.

టీవీలో పెట్టుకున్న పాత మ్యాచ్ వీడియోలో పరిగెడుతున్నది పిట్ట. జట్టులో అందరికంటే చిన్నగా ఉంటుందని ఆ పేరు.

"కింది చెయ్యి బిగించేస్తోందండీ. పై చెయ్యి గట్టిగా, కింది చెయ్యి వదులుగా ఉండాలి. బంతి తగలగానే స్టిక్కు కాస్త వెనక్కి జరగాలి. పైగా కాళ్ళ దగ్గరికొచ్చేదాకా ఆగుతోంది. కుడికాలికి ముందే ఆపుకుంటే మళ్ళీ సర్దుకోకుండా నేరుగా గోలుకి కొట్టొచ్చు."

"నేనూ అదే అనుకున్నా" అన్నాడు.

మర్నాడు మైదానంలో కుళాయి దగ్గర నా మాటలే ఆయన గొంతులో వినబడ్డాయి, ఒక్క ముక్క పొల్లుపోకుండా. ఇరవయ్యేళ్ళుగా అలవాటే. కానీ ఆ రోజు పిట్ట నీళ్ళకని వచ్చి మెల్లిగా అంది. "చెప్తే అర్థం కావట్లేదక్కా. మీరు ఆడేవారటగా, మా అమ్మ చెప్పింది. చూపిస్తారా?"

నెల రోజులు పొద్దున్నే, ఎవరూ రాకముందు, సామాన్ల గది వెనక గోడ దగ్గర చూపించాను. గోడకి తగిలి వచ్చే బంతిని నడుస్తూ ఆపడం, తర్వాత పరుగులో ఆపడం, ఎడమ భుజం గోలు వైపు తిప్పి, రెండు చేతులూ పైకి చేర్చి కొట్టడం. సార్ మాటలు ఎక్కడివో పిట్టకి రెండో రోజే తెలిసిపోయింది. ఇంటికెళ్ళి వంట చేస్తున్నా నడుం నొప్పిగా అనిపించేది కాదు. ఏదో తప్పు చేస్తున్నదానిలా నాలో నేనే నవ్వుకునేదాన్ని.

ఫైనల్లో పిట్ట రెండు గోల్స్ కొట్టింది. రెండూ ఆ గోడ దగ్గర కొట్టినట్టే. పత్రికాయన అడిగితే మా ఆయన "పట్టు మార్పించాను" అన్నాడు. అది నేనెప్పుడో ఊహించిందే. పిట్ట కూడా, ఎదురుగా సీసాల బుట్టతో నిలబడ్డ నన్ను చూస్తూనే, "అంతా సార్ నేర్పించిందే" అంది.

మర్నాడు కుళాయి దగ్గరికొచ్చింది. "సార్‌కి కోపమొస్తే పక్కన కూర్చోబెడతారక్కా. భయమేసింది."

"తెలుసు" అన్నాను. నిజంగానే తెలుసు. ఆ వయసులో నేనూ అంతా సార్ నేర్పించిందే అని చెప్పేదాన్ని. ఆ తర్వాత ఇన్నేళ్ళూ చెబుతూనే ఉన్నాను.

"వచ్చే వారం రాష్ట్ర జట్టుకి సెలక్షన్లు. ఎడమ వైపు నుంచొచ్చే బంతి జారిపోతోంది. ఎక్కడ పొరపాటో చెప్పక్కా."

ఎక్కడో నాకు తెలుసు. నాలుగు రోజుల్లో సరిచేయగలను.

"సార్‌నే అడుగమ్మా" అన్నాను.

సార్ సాయంత్రం ఇంటికొచ్చి నన్నే అడుగుతాడని మా ఇద్దరికీ తెలుసు. ఈసారి నేను చెప్పననీ, ముందు నష్టపోయేది ఈ పిల్లేననీ నాకొక్కదానికే తెలుసు.