ఏడో ఇంట్లో చెంచులక్ష్మి

మాధవయ్యకు భార్య మీదున్న ఫిర్యాదు ఒక్కటే. ఆమెకు చదువొచ్చు. చదువురాని పెళ్ళాలున్న వాళ్ళకు నంద్యాలలో పోస్టుకార్డులు సుఖంగా చేరతాయి. తనవి మాత్రం ముందు వంటింట్లో విచారణ జరిగాకే చేతికొస్తాయి.

ఆ సోమవారం పొద్దున అతను పగిలిన బొటనవేలికి ఆముదం రాసుకుంటున్నాడు. బట్టల కొట్లో ముప్పై ఏళ్ళు తాన్లు చించి చించి ఆ వేలు పక్కకు వంగిపోయింది. మహానందమ్మ కార్డు పైకి చదివింది.

"చెంచులక్ష్మి ఇంకా ఏడో ఇంట్లోనే చిక్కుకుని ఉంది. రెండుసార్లు మీ ఇంటికి పంపజూస్తిని. కుదరలేదు. ఇట్లు, రామానుజం, ఆళ్ళగడ్డ."

చెంచులక్ష్మి అంటే పసుపు రాసిన గచ్చకాయ. అహోబిలం బస్సులో పరిచయమైనప్పటి నుంచి మాధవయ్యకూ రామానుజానికీ కొత్త ఆటలు కట్టే పిచ్చి. గుడ్డ మీద గళ్ళు గీసి, కాయలు, గవ్వలు చేర్చి ఒకరు టపాలో పంపితే, రెండో వారు ఆడి చూసి తప్పులు రాస్తారు. నిరుడు పంపిన ఆటకు రామానుజం "ఆడతాంటే నిద్రొచ్చింది" అని ఒక్క ముక్క రాశాడు. మాధవయ్యకు వారం దాకా అన్నం సయించలేదు. మాధవయ్య ఇప్పుడు కట్టి పంపిన ఆటలో గడికి ఇల్లని పేరు, కాయ చేరాల్సిన చివరి గడి మాధవయ్య ఇల్లు. ఏడో ఇంట్లోకి పోయిన కాయ బయటికి రాదని ఆయన మూడు నెలలుగా రాస్తున్నాడు. ఆటలో తప్పు లేదు, మీ గవ్వలే సరిగా పడటం లేదని ఇతను.

ఇదంతా భార్యకు చెప్పాడు. గుడ్డ ఆళ్ళగడ్డలో ఉండిపోయింది, చూపించడానికి ఏమీ లేదు.

"గచ్చకాయకు పేరుపెట్టి జాబులు రాసుకునే మొగోళ్ళు యాడుండారు?" అంది మహానందమ్మ. ఇంకో కార్డు వస్తే గడివేములలో అన్న ఇంటికి పోతానని ఆమె ముందే చెప్పి ఉంది. ఇప్పుడా మాట ఎత్తలేదు. అందుకే అతనికి భయమేసింది.

మధ్యాహ్నం ఇంటి నుంచి క్యారియర్ రాలేదు. మూడు మీటర్లు చించాల్సిన చోట మాధవయ్య రెండున్నర చించాడు. ఆటల కోసం ముక్కలు పట్టుకుపోతాడని తెలిసిన షావుకారు ఆదిశేషయ్య అద్దాల పైనుంచి అదోలా చూశాడు.

సాయంత్రం ఇంటికి తాళం. సంచి పట్టుకుని బస్సుకు పోయిందని పక్కింటి యశోదమ్మ చెప్పింది. ఏ బస్సో అడగలేదంది, అడగకుండా ఉండే మనిషి కాకపోయినా. మాధవయ్య మెట్టు మీద కూర్చున్నాడు. గడివేములకు పోయి బతిమాలాలంటే ఏం చెప్పాలి? మళ్ళీ గచ్చకాయ గురించేనా?

దీపాలు పెట్టే వేళకు మహానందమ్మ వచ్చింది. కాళ్ళనిండా దుమ్ము. తాళం తీసి, అతనికి చెంబుతో నీళ్ళిచ్చి, తనూ కూర్చుంది.

"ఆళ్ళగడ్డకు పోయింటి," అంది. రామానుజం వీధి కనుక్కుని, మొదటి నుంచి లెక్కపెట్టి ఏడో ఇంటి తలుపు కొట్టిందట. చెంచులక్ష్మి ఉందా అని అడిగితే గాజులమ్మే ముసలాయన బయటికొచ్చి, ఈ వీధిలో అట్లాంటి వాళ్ళు లేరని, రామానుజం ఇల్లు చూపించాడట. రామానుజం భార్య వకుళమాల ఇదంతా విని, లోపల్నుంచి ఆటగుడ్డ మూట తెచ్చి ఈమె ఒళ్ళో పెట్టిందట.

"ఆయప్ప శుక్రవారం పొద్దున కాలం జేసినాడంట," అంది మహానందమ్మ. "కార్డు గురువారం రాసిండేది."

మాధవయ్య మూట ముడి విప్పాడు. తర్వాత గుడ్డ పరిచాడు. ఏడో ఇంటి గీతను ఒకచోట చెరిపి, నీలం పెన్సిలుతో చిన్న తలుపు గీసి ఉంది. గవ్వలు వేసి చూడక్కర్లేకపోయింది.

"తప్పు నాదేలే," అంది మహానందమ్మ. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ మాట వినడం అతనికి మొదటిసారి. ఎప్పుడైనా వింటే మళ్ళీ అనిపించాలనుకునేవాడు.

"నాది గూడా," అన్నాడు. "ఏడో ఇంట్లో తప్పుండాది. ఆయప్ప చెప్తానే ఉన్యాడు, నేనే ఇనలా."

ఆమె కొంగు ముడి విప్పింది. బస్సు కుదుపులకు సగం పసుపు రాలిపోయిన గచ్చకాయను ఏడో ఇంట్లో, నీలం తలుపుకు ఎదురుగా పెట్టింది.